బ్యాసెట్ హౌండ్ మీ కుటుంబానికి సరిపోతుందా?

(తెరపై: నేలకు దగ్గరగా వేలాడే చెవులతో ఒక బ్యాసెట్ హౌండ్ నెమ్మదిగా కెమెరా వైపు నడిచి వస్తుంది.)

నమస్తే. ఈ మొహం చూశాక మనసు కరగని వాళ్లు తక్కువ. వేలాడే చెవులు, దిగులుగా చూసే కళ్లు, పొట్టి కాళ్ల మీద బరువైన ఒళ్లు. హష్ పప్పీస్ చెప్పుల గుర్తుగా ఈ కుక్కని చూసిన వాళ్లు చాలామందే ఉంటారు. పిల్లలైతే ఫోటో చూడగానే "మనకి ఇదే కావాలి" అని పట్టుబడతారు. పెద్దవాళ్లు కూడా త్వరగానే ఒప్పుకుంటారు. శాంతమైన కుక్క, రోజులో ఎక్కువ సేపు పడుకునే ఉంటుంది, ఇంట్లో పెద్దగా టెన్షన్ ఉండదు అనుకుంటారు.

శాంతమైనదన్న మాట నిజమే. టెన్షన్ ఉండదన్న మాటే నిజం కాదు. మొహం చూసి ముచ్చటపడి తెచ్చుకుని, ఏడాది తిరక్కుండానే "మావల్ల కావట్లేదు" అని వదిలేస్తే దెబ్బ తినేది ఆ కుక్కే. అందుకే దీన్ని మొహం చూసి కాదు, ముక్కునీ వెన్నునీ చూసి నిర్ణయించుకోండి అని చెప్పడానికే ఈ వీడియో.

(తెరపై: ముక్కు నేలకు ఆనించి, గడ్డిలో అడ్డదిడ్డంగా తిరుగుతున్న కుక్క.)

ముందు ముక్కు సంగతి చూద్దాం. ఈ జాతి మూలాలు ఫ్రాన్స్‌లో ఉన్నాయి. కుందేళ్ల వాసన పట్టి వెంబడించడానికి దీన్ని పెంచారు. వేటగాడు గుర్రం ఎక్కకుండా నడుచుకుంటూ వెళ్లేవాడు కాబట్టి, మనిషికి అందనంత వేగంగా పరిగెత్తే కుక్క అతనికి పనికిరాదు. పొట్టి కాళ్ల కుక్కలను ఏరి పెంచింది అందుకే. 1874లో కుక్కల పెంపకందారు ఎవరెట్ మిల్లే 'మోడల్' అనే బ్యాసెట్‌ను ఇంగ్లండ్‌కు తెచ్చాక అక్కడ కూడా ఈ జాతికి ఆదరణ పెరిగింది. 1885లో, కుక్కల జాతులను నమోదు చేసే అమెరికన్ కెన్నెల్ క్లబ్ దీన్ని గుర్తించింది.

ఈ పాత సంగతులు ఎందుకంటే, ఆ వేట గుణాలేవీ ఎక్కడికీ పోలేదు. మీ హాల్లో చాప మీద గురక పెట్టే కుక్కలోనూ అవి ఉంటాయి. వాసన పట్టడంలో బ్లడ్‌హౌండ్ తర్వాత స్థానం దీనిదేనని పేరు. వేటలో ఒకసారి వాసన దొరికితే, మనిషి ఏం చెబుతాడా అని వెనక్కి చూడకుండా తనంతట తానే దారి తేల్చుకుంటూ పోవాలి. అలాంటి పనికి తరతరాలుగా ఎంచి పెంచిన కుక్క, వాకింగ్‌లో మీరు పదిసార్లు పిలిచినా తల ఎత్తకపోతే అందులో ఆశ్చర్యం ఏముంది? దాన్ని మొండితనం అంటారు గానీ, ఆ క్షణంలో దాని ధ్యాసంతా ముక్కులోనే ఉంటుంది. మీ గొంతు దానికి ఎక్కడో దూరంగా వినిపిస్తుంది, అంతే.

కాబట్టి బయట లీష్ విప్పే అలవాటు ఈ కుక్కతో వద్దు. ఎంత బాగా ట్రైనింగ్ ఇచ్చినా సరే. వాసన వెంట రోడ్డు మీదికి వెళ్లిపోతుంది, వచ్చే బండిని చూసుకోదు. పెరడు ఉంటే చుట్టూ గట్టి కంచె ఉండాలి, కింద తవ్వి దూరే సందు లేకుండా చూసుకోవాలి. కూర్చో, ఆగు, రా లాంటివి నేర్పాలంటే చేతిలో చిన్న తిండి ముక్క ఉండాలి, మీ దగ్గర బోలెడంత ఓపిక ఉండాలి. అరిస్తే, కొడితే ఇది బెదిరిపోతుంది తప్ప నేర్చుకోదు. ఇంట్లో పాడు చేయకుండా బయటికి వెళ్లడం నేర్చుకోవడానికి కూడా చాలా జాతుల కంటే ఎక్కువ సమయం తీసుకుంటుంది. నెలల తరబడి పట్టవచ్చని ముందే అనుకోండి.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. ముక్కుకి పని దొరికితే ఈ కుక్క ఎంత సంతోషంగా ఉంటుందో చూస్తే ముచ్చటేస్తుంది. రోజుకి రెండు పూటలా కలిపి నలభై నిమిషాల నుంచి గంట వరకు నడిస్తే పెద్ద కుక్కకి సరిపోతుంది. ఆ నడకలో ఒక పొద దగ్గర ఐదు నిమిషాలు నిలబడిపోతే లాక్కుపోకండి, దానికి అదే అసలు వ్యాయామం. వర్షం పడి బయటికి వెళ్లలేని రోజు పాత తువ్వాలు ఒకటి తీసుకుని, పొడి తిండి గింజలు కొన్ని చల్లి, చుట్టి నేల మీద పెట్టండి. లేదా ఖాళీ అట్టపెట్టెల్లో దాచి పిల్లల్ని గదిలో అక్కడక్కడా పెట్టమనండి. తోక నిటారుగా లేపి వెతుకుతుంది. పిల్లలకీ కుక్కకీ స్నేహం కుదిరేది ఇలాంటి ఆటలోనే.

(తెరపై: తల పైకెత్తి ఊళ వేస్తున్న బ్యాసెట్ హౌండ్. కాసేపు దాని గొంతు మాత్రమే వినిపించాలి.)

విన్నారు కదా. గుంపుగా వేటాడేటప్పుడు "వాసన ఇక్కడ ఉంది" అని దూరాన ఉన్న మనిషికి తెలియజేయడానికి ఆ గొంతు. మామూలు మొరుగుడు కాదు, లోతుగా, పొడుగ్గా సాగుతుంది, గోడలు దాటి వెళ్తుంది. గుంపులో బతకడానికి పుట్టిన జాతి కావడంతో ఒంటరితనాన్ని అసలు ఓర్చుకోలేదు. ఇంట్లో అందరూ పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే వాళ్లయితే, అపార్ట్‌మెంట్‌లో పక్కింటి గోడ ఆనుకుని ఉంటే, నా మాట వినండి, ఈ జాతి వద్దు. ఇబ్బంది పొరుగువాళ్లకి మాత్రమే కాదు. ఆ ఊళ వెనక ఆ కుక్క పడే బెంగ ఉంటుంది. పగలు ఎవరో ఒకరు ఇంట్లో ఉండే కుటుంబం అయితే ఈ సమస్య చాలావరకు రాదు. ఇంట్లో ఇంకో కుక్క ఉన్నా మంచిదే, తోటి కుక్కలతో ఇది బాగా కలిసిపోతుంది. పిల్లితో కూడా చిన్నప్పటి నుంచి కలిపి పెంచితే ఇబ్బంది ఉండకపోవచ్చు. పెంపుడు కుందేలు ఉంటే మాత్రం ఆ రెండింటినీ కలపకండి.

పిల్లల విషయానికొస్తే, ఇంత సహనం ఉన్న జాతులు తక్కువ. తొందరపడి కోపం తెచ్చుకోదు, పక్కనే పడుకుంటుంది, పిల్లాడు తల ఆనించి చదువుకుంటుంటే కదలకుండా ఉంటుంది. అయితే ఆ సహనమే మనల్ని ఏమరుపాటులో పడేస్తుంది. పొట్టిగా, పొడుగ్గా ఉండే ఆ వీపు చూస్తే చిన్నపిల్లలకి ఎక్కి కూర్చోవాలనిపిస్తుంది. ఎట్టి పరిస్థితుల్లోనూ ఎక్కనివ్వకూడదు. చెవులు పట్టుకుని లాగనివ్వకూడదు. ఎంత సాధువైన కుక్కయినా నొప్పి పుడితే కరుస్తుంది. ఐదారేళ్ల లోపు పిల్లల్నీ కుక్కనీ ఒక గదిలో పెద్దవాళ్లు లేకుండా వదలకండి.

(తెరపై: పక్క నుంచి చూసినప్పుడు కుక్క వెన్ను ఎంత పొడవుగా ఉందో చూపించే బొమ్మ.)

ఇక వెన్ను. ఈ భాగం కొంచెం నిదానంగా వినండి. బ్యాసెట్ భుజం దగ్గర ఎత్తు 38 సెంటీమీటర్లు దాటదు, బరువు మాత్రం 18 నుంచి 30 కిలోల దాకా ఉంటుంది. ఎత్తు చూసి చిన్న కుక్క అనుకుంటాం గానీ, నిజానికి ఇది కాళ్లు కురచైన పెద్ద కుక్క. ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువుకి ఒక అదనపు కాపీ ఉండటమే ఈ కురచ కాళ్లకి కారణమని 2009లో శాస్త్రవేత్తలు కనిపెట్టారు. డాక్స్‌హుండ్, కోర్గి లాంటి జాతుల్లోనూ అదే కారణం. ఇలాంటి శరీరం ఉన్న కుక్కల్లో వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు చిన్న వయసులోనే గట్టిపడి, జారి, వెన్నుపాముని నొక్కే ప్రమాదం ఉంటుంది. ఒక్కోసారి వెనక కాళ్లు పూర్తిగా పడిపోతాయి.

అంటే రోజూ ఏం చేయాలి? సోఫా మీద నుంచి, మంచం మీద నుంచి దూకనివ్వకూడదు. సోఫా ఎక్కే అలవాటు చేస్తే చిన్న ర్యాంపు పెట్టాలి. రోజుకి పదిసార్లు మెట్లు ఎక్కి దిగే ఇల్లయితే మెట్ల దగ్గర అడ్డుగేటు పెట్టాలి, ముఖ్యంగా ఎముకలు ఇంకా ఎదుగుతున్న మొదటి ఏడాదిలో. ఎత్తుకునే పద్ధతి కూడా ఇంట్లో అందరికీ నేర్పాలి.

(తెరపై: దగ్గర నుంచి, నెమ్మదిగా. ఒక మనిషి కుక్కను రెండు చేతులతో ఎత్తడం.)

చూడండి, ఒక చెయ్యి ముందు కాళ్ల వెనక ఛాతీ కింద ఉంది. ఇంకో చెయ్యి పిరుదుల కింద ఉంది. రెండూ ఒకేసారి లేచాయి, వీపు నేలకు సమాంతరంగానే ఉంది. ముందు కాళ్ల కింద చేతులు వేసి, వెనక భాగం వేలాడేలా చంటిపిల్లని ఎత్తినట్టు ఎత్తితే ఆ బరువంతా వెన్ను మీద పడుతుంది. నిండుగా పెరిగిన బ్యాసెట్‌ని పిల్లలు ఎత్తకూడదు, నడుం నొప్పి ఉన్న పెద్దవాళ్లూ ఎత్తలేరు. రేపు దానికి ఒంట్లో బాగోకపోతే కారు ఎక్కించేది ఎవరన్నది ఇప్పుడే ఆలోచించుకోండి. వీపు వంచి నడుస్తున్నా, ముట్టుకుంటే అరుస్తున్నా, వెనక కాళ్లు తడబడుతున్నా రేపటిదాకా ఆగకుండా వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

వెన్ను బాగుండాలంటే బరువు పెరగకూడదు. ఇది తిండిపోతు జాతి, మీరు తినేటప్పుడు ఆ కళ్లతో చూస్తుంటే పెట్టకుండా ఉండటం చాలా కష్టం. అయినా కొలిచి పెట్టండి, ఇంట్లో తలా ఒకరు తలా ఒక ముద్ద పెట్టే పద్ధతి మాన్పించండి. రోజు తిండిని రెండు పూటలకి పంచండి. లోతైన ఛాతీ ఉన్న కుక్కల్లో కడుపు ఉబ్బి మెలిపడే ప్రాణాంతక పరిస్థితి ఒకటి వస్తుంది, దాన్ని బ్లోట్ అంటారు. పొట్ట బిగుసుకుపోయి, కక్కుకోవాలని ప్రయత్నిస్తూ ఏమీ రాక, నిలకడ లేకుండా తిరుగుతుంటే అర్ధరాత్రి అయినా బయల్దేరాలి. అక్కడ గంటలు కూడా ముఖ్యమే.

(తెరపై: చెవి ఎత్తి లోపలి వైపు చూపించడం.)

చెవుల దగ్గరికి వద్దాం. ఇంత బరువైన చెవి మూతలా పడి ఉంటే లోపలికి గాలి ఆడదు. తేమ నిలుస్తుంది, ఈస్ట్, బ్యాక్టీరియా పెరుగుతాయి. వారానికి ఒకసారైనా చెవి ఎత్తి ముందు వాసన చూడండి. పుల్లటి, ముక్కిన వాసన వచ్చినా, ఎర్రబడినా, గోధుమరంగు గులిమి ఎక్కువగా కనిపించినా, కుక్క తల విదిలిస్తూ ఉన్నా డాక్టర్‌కి చూపించాలి. అన్నీ బాగుంటే డాక్టర్ చెప్పిన ఇయర్ క్లీనర్ చెవిలో పోసి, చెవి మొదట్లో వేళ్లతో మెల్లగా నొక్కుతూ తిప్పండి. లోపల ద్రవం కదిలే చప్పుడు మీకు వినిపిస్తుంది. వదిలేస్తే అదే తల విదిలిస్తుంది, మీ బట్టల మీద పడుతుంది. తర్వాత బయటికి వచ్చినంత మేర దూదితో తుడవాలి. ఇయర్ బడ్స్ లోపలికి పెట్టకూడదు. నీళ్ల గిన్నె సన్నగా, లోతుగా ఉంటే చెవులు అందులో మునగవు. ఇదేమీ కష్టమైన పని కాదు గానీ, 12, 13 ఏళ్ల పాటు మానకుండా చేయాల్సిన పని.

చొంగ కారుతుంది. తల విదిలిస్తే గోడ మీద కూడా పడుతుంది. ఏడాది పొడవునా బొచ్చు రాలుతుంది. చర్మానికి దాని సొంత వాసన ఒకటి ఉంటుంది, ఎంత స్నానం చేయించినా పూర్తిగా పోదు. కింది రెప్పలు వాలి ఉంటాయి కాబట్టి కళ్లు తుడుస్తుండాలి, మడతలు పొడిగా ఉంచాలి. ఇల్లు అద్దంలా ఉండాలనుకునే వాళ్లకి ఈ జాతి కుదరదు. ఈతకొలను దగ్గర కూడా జాగ్రత్త. శరీరం బరువు ఎక్కువగా ముందు వైపే ఉండటంతో, ఆ కురచ కాళ్లతో నీళ్లలో తేలడం దీనికి చాలా కష్టం.

(తెరపై: రెండు బ్యాసెట్‌లు పక్కపక్కన. ఒకదాని పొట్టకీ నేలకీ మధ్య బాగా ఎడం ఉంది, ఇంకోదానికి లేదు.)

ఇవన్నీ విన్నాక కూడా కావాలనిపిస్తే, కుక్కని ఎంచుకోవడంలోనే సగం ఆరోగ్యం ఉంది. చెవులు ఎంత పొడుగుంటే, చర్మం ఎంత వదులుగా ఉంటే అంత అసలైన జాతి అనుకోవడం పొరపాటు. అతిగా సాగదీసిన ఆ లక్షణాల వల్లే కళ్లు, చర్మం, కీళ్ల బాధలు వస్తాయి. 2009లో బ్రిటన్‌లోని కెన్నెల్ క్లబ్ జాతి ప్రమాణాలను, అంటే ఒక్కో జాతి కుక్క ఎలా ఉండాలో చెప్పే నియమాలను, ఆరోగ్యం దృష్టితో సవరించింది, బ్యాసెట్ ప్రమాణం కూడా అందులో ఉంది. పొట్ట నేలకి తగలకుండా హాయిగా నడవగలిగే తల్లిదండ్రుల పిల్లని చూడండి. తల్లిని కళ్లారా చూపించని వాళ్ల దగ్గర తీసుకోవద్దు. కంటి చూపును దెబ్బతీసే గ్లాకోమాకీ, రక్తం సరిగా గడ్డకట్టని థ్రాంబోపతియాకీ ఈ జాతిలో డీఎన్ఏ పరీక్షలున్నాయి. తల్లిదండ్రులకి చేయించారా అని అడగండి, కాగితం చూపించమనండి. అడిగినందుకు చిరాకు పడే బ్రీడర్ అయితే అక్కడి నుంచి వచ్చేయడమే మంచిది.

కుక్కపిల్లే కావాలన్న పట్టుదల లేకపోతే, మూడు నాలుగేళ్ల వయసున్న కుక్కని దత్తత తీసుకోవడం నాకైతే ఇంకా మంచి దారి అనిపిస్తుంది. దాని స్వభావం, గొంతు, వెన్ను పరిస్థితి అప్పటికే తెలిసిపోయి ఉంటాయి.

ఏ దారి ఎంచుకున్నా, ముందుగా పెద్దయిన బ్యాసెట్ ఉన్న ఇంట్లో ఒక పూట గడిపి రండి, ఇంటిల్లిపాదీ వెళ్లండి. దాని వాసన, చొంగ, ఊళ అన్నీ దగ్గర నుంచి చూడండి. తిరిగి వచ్చాక ఒక కాగితం తీసుకుని పొద్దున వాకింగ్ ఎవరు, సాయంత్రం ఎవరు, చెవులు ఎవరు, పగలు ఇంట్లో ఉండేది ఎవరు అని పేర్లతో సహా రాయండి. అన్నింటి పక్కనా పిల్లల పేర్లే ఉంటే, ఈ ఏడాదికి ఆగండి.