థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ దిగట్లేదా? ముందు పొద్దుటి కాఫీ సంగతి చూడండి

(తెర మీద: వంటింటి గట్టు. స్టవ్ మీద పాలు. పక్కనే మూత తీసి ఉన్న మాత్రల సీసా.)

విశాఖలో తెల్లవారుజామున చాలా వంటిళ్లలో ఇవి రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. మాత్ర మింగడం, ఆ వెంటనే కాఫీ తాగడం. నెలలు గడిచినా రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ దిగదు, డోసు మాత్రం పెరుగుతూ పోతుంది. డోసు మార్చేముందు ఈ గట్టు దగ్గర ఏం జరుగుతోందో చూద్దాం.

ఈ మాత్ర అవసరపడే కారణాల్లో ముఖ్యమైనది హాషిమోటో జబ్బు. ఇందులో మన రక్షణ కణాలే థైరాయిడ్ గ్రంథి మీద పడి దాన్ని కొంచెం కొంచెంగా పాడుచేస్తాయి. 1912లో దీన్ని మొదట వర్ణించిన జపాన్ వైద్యుడు హకారు హాషిమోటో పేరే దీనికి పెట్టారు. రిపోర్టులో యాంటీ టీపీఓ, అంటే థైరాయిడ్ మీద పడే యాంటీబాడీల అంకె, పెరిగేది ఈ దాడి వల్లే. ఆ అంకె వందల్లో ఉందని బెంగపడకండి. జబ్బు తేలిపోయాక ఆ పరీక్ష మళ్లీ మళ్లీ చేయించడం డబ్బు దండగ, ఎందుకంటే డోసు దాన్నిబట్టి మారదు.

డోసు చెప్పేది టీఎస్‌హెచ్. ఇది థైరాయిడ్‌లో తయారయ్యేది కాదు, మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి నుంచి వస్తుంది. థైరాయిడ్ పని తగ్గేకొద్దీ పనిచెయ్యమని పైనుంచి గదమాయింపు, అంటే టీఎస్‌హెచ్, పెరుగుతుంది. అందుకే టీఎస్‌హెచ్ ఎక్కువ ఉందంటే ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ తక్కువని అర్థం. చాలామంది దీన్ని తిరగేసి చదువుతారు.

(తెర మీద: సీసా లేబుల్ దగ్గరగా. "50 మైక్రోగ్రాములు" అన్న చోట వేలు.)

థైరాయిడ్ మాత్రలో ఉండే హార్మోన్ మందు పేరు లీవోథైరాక్సిన్. దీని కొలత మైక్రోగ్రాముల్లో ఉంటుంది. గ్రంథి దాదాపు ఆగిపోయినవాళ్లకి కిలో బరువుకి సుమారు 1.6 మైక్రోగ్రాములు కావాలి. అంటే 60 కిలోల మనిషికి 100కి అటూఇటూ. గ్రంథి ఇంకా కొంత పనిచేస్తుంటే 25, 50తోనే సరిపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ డోసు పెరిగితే అది మీ తప్పు కాదు, గ్రంథి తరిగిపోతోందంతే. గుండెజబ్బు ఉన్నవాళ్లకి, పెద్దవాళ్లకి 12.5 లేదా 25తో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు. తొందరపడి పెంచేస్తే గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. డోసు ఎక్కువై ఏళ్లు గడిస్తే ఎముకలు గుల్లబారతాయి.

ఇప్పుడు అసలు విషయం. ఈ మాత్రని పరగడుపున మామూలు నీళ్లతో వేసుకోవాలి. తర్వాత అరగంట నుంచి గంట వరకూ ఏమీ తినకూడదు, తాగకూడదు. కాఫీ కూడా వద్దు, పాలు లేని బ్లాక్ కాఫీ అయినా సరే, మందు ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తుంది. చోడి అంబలి మంచిదే గానీ అదీ గంట ఆగాకే. కాల్షియం, ఐరన్ మాత్రలకైతే గంట చాలదు, నాలుగు గంటల తేడా ఉండాలి. పేగుల్లో ఇవి హార్మోన్‌ని పట్టేసుకుని రక్తంలోకి పోనివ్వవు. రోజూ పొద్దున్నే వేసుకునే గ్యాస్ మాత్రల కథ వేరు. కడుపులో ఆమ్లం తగ్గితే థైరాయిడ్ మాత్ర సరిగ్గా కరగదు. గంటలు ఎడం పెట్టినా లాభం ఉండదు కాబట్టి వాటి సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

పొద్దున కుదరకపోతే రాత్రి భోజనం అయిన మూడు గంటలకి, పడుకోబోయే ముందు వేసుకోవచ్చు. స్టీల్ ప్లాంట్‌లోనో పోర్టులోనో నైట్ షిఫ్ట్ చేసేవాళ్లు గడియారం చూసుకోవద్దు. ఏ పూట నిద్రలేచినా, లేవగానే వేసుకుని గంటాగి తినండి.

మన సముద్రపు గాలికి ఉప్పు డబ్బాయే చెమ్మగిల్లిపోతుంది. తేమ, వేడి, వెలుతురు ఈ మాత్ర బలాన్ని తగ్గిస్తాయి. సీసా స్టవ్ దగ్గర వద్దు, కిటికీలో వద్దు. మూత బిగించి బీరువాలో పెట్టండి. అన్నట్టు, ఎప్పుడూ ఒకే కంపెనీ మాత్ర కొనండి.

ఒకరోజు మరిచిపోతే కంగారు లేదు. మందులో సగం తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. మర్నాడు ఎప్పట్లా ఒక్కటే వేసుకోండి. ఇదే కారణంగా డోసు మార్చిన పది రోజులకి పరీక్ష చేయించినా ఏమీ తేలదు. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి.

(తెర మీద: ల్యాబ్ కుర్చీ, చేతికి బిగించిన పట్టీ.)

పరీక్ష రోజున రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోండి. ప్రతిసారీ ఉదయమే, వీలైతే అదే ల్యాబ్‌లో ఇవ్వండి. టీఎస్‌హెచ్ మధ్యాహ్నానికి కొంత తగ్గుతుంది. జుట్టు రాలుతోందని బయోటిన్ అనే విటమిన్ వాడుతుంటే కనీసం రెండు రోజుల ముందు ఆపండి. అది రిపోర్టులో టీఎస్‌హెచ్‌ని తక్కువగా, థైరాయిడ్ హార్మోన్ అయిన టీ4ని ఎక్కువగా చూపించగలదు. ఆ తప్పుడు అంకె చూసి డోసు తగ్గిస్తే అలసట తిరిగొస్తుంది.

గర్భం నిలిచిందని తెలిస్తే మాత్రం తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. హార్మోన్ అవసరం మొదటి వారాల్లోనే పెరుగుతుంది. చాలామందికి వారానికి రెండు మాత్రలు అదనంగా ఇస్తారు. ఆ రోజే మీ డాక్టరుకి ఫోన్ చేయండి.