దుబాయ్‌కి పోవడానికి రెండున్నర గంటలు, రావడానికి ఐదు గంటలా?

[తెర మీద: గోడ గడియారం, మధ్యాహ్నం ఒంటిగంట]

నమస్తే. జడ్చర్ల నుంచి మా పెద్దమ్మ ఒకరోజు సరిగ్గా ఈ టైంకే ఫోన్ చేసింది. "బిడ్డా, అన్న విమానం పన్నెండున్నరకే దిగాలె కదా, ఫోన్ స్విచ్చాఫ్ వస్తుంది" అని ఒకటే టెన్షన్. టికెట్ ఫొటో తీసి చూశాను. శంషాబాద్‌లో పొద్దున 10:00కి ఎక్కడం, దుబాయ్‌లో 12:30కి దిగడం. పెద్దమ్మ చూసింది ఇంట్లో గడియారం, టికెట్‌లో ఉన్నది దుబాయ్ గడియారం. అన్న ఇంకా గాల్లోనే ఉన్నాడు, మరో గంట ప్రయాణం ఉంది.

[తెర మీద: పక్కపక్కనే రెండు గడియారాలు]

టికెట్‌లో ఏ ఊరి టైం ఆ ఊరిదే వేస్తారు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. నాలుగు గంటల ప్రయాణం అందుకే రెండున్నరగా కనిపిస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు సీన్ రివర్స్: అక్కడ రాత్రి 10:00కి ఎక్కితే ఇక్కడ తెల్లవారుజామున 3:00. చూడ్డానికి ఐదు గంటలు, నిజానికి మూడున్నరే!

అంటే వచ్చేటప్పుడే తొందరగా వస్తాం. ఎందుకు?

[తెర మీద: మ్యాప్, అరేబియా సముద్రం మీదుగా గీత]

హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు. ఇది గుండ్రటి భూమ్మీద దారం బిగించి లాగినట్టు కొలిచే దూరం. మన పాలమూరు నుంచి ముంబై బస్సెక్కితే రాత్రంతా కూర్చోవాలి, ఆ దూరానికి ఇది మూడింతల పైనే. విమానం గంటకు 850 కిలోమీటర్ల వేగంతో పోతే లెక్క ప్రకారం మూడు గంటలు చాలు. కానీ అంత ఎత్తులో, పది పదకొండు కిలోమీటర్ల మీద, చలికాలంలో గాలి పడమర నుంచి తూర్పుకు గట్టిగా వీస్తుంది. ఎదురుగాలికి సైకిల్ తొక్కినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. గాలి వేగం 50 అనుకుందాం. పోయేటప్పుడు నికరంగా 800, అంటే 3 గంటల 11 నిమిషాలు. వచ్చేటప్పుడు 900, అంటే 2 గంటల 50 నిమిషాలు. ఇరవై నిమిషాల తేడా గాలిదే. వానాకాలంలో ఈ తేడా తగ్గుతుంది.

మిగతా టైం రన్‌వే దాకా పాక్కుంటూ పోవడానికి, పైకెక్కడానికి, దిగే ముందు వరుస కోసం తిరగడానికి. టికెట్ మీది గంటల్లో అవన్నీ కలిపే ఉంటాయి.

కలపనివి వేరే ఉన్నాయి. జడ్చర్ల నుంచి శంషాబాద్‌కు హైవే మీద గంట పైనే. విమానానికి మూడు గంటల ముందు అక్కడుండాలి. దిగాక ఇమ్మిగ్రేషన్ లైను, సామాను, ఇంకో గంట వేసుకోండి. అంతా కలిపితే తొమ్మిది గంటలు దాటుతుంది, గాల్లో ఉన్నది అందులో సగం కూడా కాదు.

పెద్దమ్మకు మాత్రం ఇవేవీ చెప్పలేదు. "టికెట్‌లో దిగే టైంకు గంటన్నర కలుపు, ఆపైన ఇంకో గంట ఆగి ఫోన్ చెయ్" అన్నాను.