గాలి ఎగిరిపోతున్న గ్రహాలు

శ్రోతలకు నమస్కారం.

మే నెలలో రామగుండంలో ఎండ 45 డిగ్రీలు దాటితే "సూర్యుడు నెత్తిమీదికే దిగిండు" అంటారు జనం. సూర్యుడు మాత్రం 15 కోట్ల కిలోమీటర్ల అవతలే ఉంటాడు. నిజంగానే నక్షత్రం నెత్తికెక్కిన గ్రహాలు వేరే ఉన్నాయి. హెచ్‌డి 209458 బి అనేది తన నక్షత్రానికి సుమారు 70 లక్షల కిలోమీటర్ల దూరంలో తిరుగుతోంది. అక్కడ ఏడాదంటే మూడున్నర రోజులే. పంచాంగం రాసేవాళ్లకు ఊపిరి సలపదు! దాన్నుంచి హైడ్రోజన్ పారిపోతోందని హబుల్ టెలిస్కోపు పరిశీలనలతో 2003లో తెలిసింది.

ఎండ వేడికే పోతోందా? కంటికి కనిపించే వెలుగు చేసేది తక్కువే. అసలు పని ఎక్స్ కిరణాలది, తీవ్రమైన అతినీలలోహిత కిరణాలది. ఇవి వాతావరణం పైపొరల్లోనే ఆగిపోయి, అక్కడి వాయువును వేల డిగ్రీలకు కాగబెడతాయి. అది ఉబ్బి, గ్రహం ఆకర్షణకు లొంగకుండా బయటికి వీస్తుంది. వడ్ల కొనుగోలు కేంద్రంలో ఫ్యాను పెడితే తాలు ఎగిరిపోయి గట్టి గింజ మిగిలినట్టు, తేలికైన హైడ్రోజన్, హీలియం ముందు పోతాయి. అయితే ఇక్కడొక తేడా ఉంది. హైడ్రోజన్ మరీ ఉధృతంగా వీస్తే బరువైన కార్బన్, ఆక్సిజన్‌లను కూడా వెంట లాక్కుపోతుంది. హెచ్‌డి 209458 బి దగ్గరే ఈ రెండూ కూడా బయటపడ్డాయి.

జీజే 436 బి కథ ఇంకా వింత. నెప్ట్యూన్ అంత ఉండే ఈ గ్రహం నక్షత్రానికి అడ్డం వస్తే మామూలు వెలుగు ఒక శాతం కూడా తగ్గదు. హైడ్రోజన్ పట్టుకునే అతినీలలోహిత కాంతిలో చూస్తే మాత్రం సగానికి పైగా మాయం! గ్రహం చుట్టూ, వెనకాల తోకచుక్కలా, అంత పెద్ద మేఘం పరుచుకుని ఉందని 2015లో ప్రకటించారు. ఇంత పోతున్నా దాని నిల్వ మాత్రం ఇప్పట్లో తరగదు.

దెబ్బ తగిలేది చిన్న గ్రహాలకే, అదీ నక్షత్రం పడుచుగా ఉన్నప్పుడు. మొదటి పది కోట్ల ఏళ్లలో ఎక్స్ కిరణాల జోరు చాలా ఎక్కువ. కెప్లర్ టెలిస్కోపు కనిపెట్టిన గ్రహాలను 2017లో కొలిచి చూస్తే, భూమికి ఒకటిన్నర నుంచి రెండింతల వ్యాసార్థం ఉన్నవి బాగా తక్కువని తేలింది. గాలి నిలిస్తే పెద్దవిగా, పోతే రాతి ముద్దలుగా మిగిలాయన్నమాట. కొందరు మాత్రం గాలిని తరిమింది నక్షత్రం కాదు, గ్రహం పుట్టినప్పటి లోపలి వేడే అంటున్నారు. తగువు ఇంకా తేలలేదు. నా మొగ్గు కిరణాల వైపే, ఎందుకంటే పైన చెప్పిన రెండు గ్రహాల దగ్గర గాలి పోవడం కళ్లెదుటే కనిపిస్తోంది.

సెలవు.