నాలుగున్నర అడుగుల చెక్క

సభకు నమస్కారం. గ్రంథపాలకురాలు మేడం గారు ఫోన్ చేసి, "పిల్లలు, ఫోన్లు, గేమ్స్ గురించి మా లైబ్రరీలో మాట్లాడాలి" అన్నప్పుడు, నేను డాక్టర్నీ కాను, లాయర్నీ కాను కదండీ అన్నాను. "మీ కౌంటర్ దగ్గరికి వచ్చే మనుషుల గురించి చెప్పండి, చాలు" అన్నారు. ఆ ధైర్యంతోనే వచ్చాను.

2003 నుంచి 2017 దాకా మన గుంటూరు బ్రాడీపేటలో నెట్ సెంటర్ నడిపాను. ఇప్పుడు అదే గదిలో సెల్ ఫోన్ల రిపేర్ షాపు. పన్నెండు సిస్టమ్స్ ఉండేవి. మొదట్లో గంటకు 25 రూపాయలు, చివరికొచ్చేసరికి 15. పొద్దున పూట హాల్ టికెట్లు, ఎంసెట్ ర్యాంకులు. మధ్యాహ్నం అమెరికాలో ఉన్న కొడుకు ముఖం కెమెరాలో చూసుకోవడానికి వచ్చే పెద్దవాళ్ళు. రాత్రి ఎనిమిది దాటితే కోచింగ్ కుర్రాళ్ళు వచ్చి నాలుగు సిస్టమ్స్ కలిపి కౌంటర్ స్ట్రైక్ అనే తుపాకుల ఆట మొదలుపెట్టేవాళ్ళు. గేమ్స్ అంటే నాకు పగ లేదని ముందే చెబుతున్నాను. ఆ కుర్రాళ్ళలో ఇద్దరు ఇప్పటికీ ఊరికి వస్తే షాపుకొచ్చి కూర్చుని వెళతారు.

2011 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం సైబర్ కేఫ్‌లకు నియమాలు తెచ్చింది. వచ్చిన ప్రతి మనిషి గుర్తింపు కార్డు చూడాలి. రిజిస్టర్లో పేరు, అడ్రసు, ఫోన్ నంబరు, వచ్చిన టైము, వెళ్ళిన టైము రాసి ఏడాది దాచాలి. సిస్టమ్స్ మధ్య అడ్డంగా పెట్టే చెక్క నేల నుంచి నాలుగున్నర అడుగులు దాటకూడదు. అడ్డం లేని చోట స్క్రీన్ అందరూ తిరిగే వైపుకే తిప్పి ఉండాలి. పెద్దవాళ్ళు వెంట లేకుండా పిల్లల్ని ఆ చెక్కల వెనక కూర్చోబెట్టకూడదు.

నా షాపులో ఆరడుగుల ప్లైవుడ్ ఉండేది. వడ్రంగిని పిలిచి కోయించాను. కూలి, రెండు రోజుల గిరాకీ పోయాయి, మనసులో చాలా తిట్టుకున్నాను. కానీ ఆ చెక్కలు కోసిన వారం నుంచే గది మారిపోయింది. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు, ఎవరి వెనకా నిలబడలేదు. కరెంటు బిల్లు కట్టడానికొచ్చిన పెద్దాయన నడుచుకుంటూ పోతే స్క్రీన్లు కనిపిస్తాయి, అంతే. కుర్రాళ్ళు కూర్చునే తీరు మారింది. మూలన ఉన్న సిస్టమే కావాలని గొడవపడటం ఆగిపోయింది. అప్పటిదాకా గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయిన ఆడపిల్లలు లోపలికొచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు.

ఆ నియమంలోని తెలివి నాకు చాలా కాలం తర్వాత అర్థమైంది. అది కుర్రాడిని పట్టుకోలేదు, షాపు వాడినైన నన్ను పట్టుకుంది. నీ గది ఇలా కట్టుకో అంది. ఎన్ని అడుగులో చెప్పింది. టేపు పెట్టి ఎవరైనా కొలవచ్చు.

2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. ఏడాది తిరక్కుండా నా నెట్ సెంటర్ మూతపడింది. దాని గురించి నాకు బాధ లేదు. గంటకు 15 రూపాయలు పెట్టలేని ఇంట్లో కూడా ఇవాళ పిల్లలు యూట్యూబ్‌లో లెక్కలు నేర్చుకుంటున్నారు. బాధల్లా ఒకటే. నా పన్నెండు సిస్టమ్స్ ఉన్న గది వెయ్యి ముక్కలై వెయ్యి దుప్పట్ల కిందకి వెళ్ళింది. నా చెక్కకు కొలత చెప్పిన ప్రభుత్వం, ఆ దుప్పటి కింద గదికి మాత్రం చాలా ఏళ్ళు ఏ కొలతా చెప్పలేదు.

ఒక తల్లి సంగతి చెబుతాను. మిర్చి యార్డు వైపు కోల్డ్ స్టోరేజీలో కాయలకు ముచ్చికలు తీసే పనికి వెళుతుంది. ఒకరోజు ఫోన్ తెచ్చి, "అన్నా, నా ఫోన్లో ఏదో వైరస్ పడింది, బ్యాంకులో డబ్బులు కారిపోతున్నాయి" అంది. లిస్టు తీసి చూశాను. 80 రూపాయలు, 160, మళ్ళీ 80, ఒకసారి 400. నాలుగు నెలల్లో 23 వేలు దాటింది. వైరస్ కాదు. తొమ్మిదో తరగతి చదివే కొడుకు గేములో డైమండ్లు కొన్నాడు. పిన్ ఎలా తెలిసిందని అడిగితే ఆమె ఆశ్చర్యపోయింది. "పిన్ పెట్టిందే వాడు కదన్నా, నాకు ఫోన్ పే నేర్పింది వాడే" అంది.

నలభై ఏళ్ళ మనిషికి ఫోన్ నేర్పేది ఇంట్లో పద్నాలుగేళ్ళ పిల్లాడు. మెసేజీలు వచ్చేది ఇంగ్లీషులో. చదివి అర్థం చెప్పాల్సింది మళ్ళీ ఆ పిల్లాడే. అలాంటప్పుడు "తల్లిదండ్రులు గమనించుకోవాలి" అని చేతులు దులుపుకోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. డబ్బులు తిరిగి ఇవ్వమని ఆమె తరఫున నేనే రాశాను. గడువు దాటిపోయిందని ఇంగ్లీషులో జవాబు వచ్చింది.

ఆ పిల్లాడితోనూ మాట్లాడాను. వాడు దొంగ కాదు. వాడి కంటికి ఎక్కడా రూపాయి కనిపించలేదు. రూపాయి ముందు డైమండ్ అవుతుంది, డైమండ్ ఒక డబ్బా అవుతుంది, ఆ డబ్బాలో తుపాకీ రంగు వస్తుందో, చొక్కా వస్తుందో, ఏమీ రాదో లక్కు. ఇంకో నాలుగు డైమండ్లు ఉంటే చాలన్నట్టు ఎప్పుడూ కాస్త తక్కువే మిగులుతాయి. ఆదివారం రాత్రికి ఆఫర్ అయిపోతుందని గడియారం తిరుగుతూ ఉంటుంది. పద్నాలుగేళ్ళ వాడి చేతి వేలు ఎప్పుడు తెరను నొక్కుతుందో లెక్క వేసుకుని కట్టిన గది అది. నాది ఆరడుగుల చెక్క అయితే, వాళ్ళది ఆకాశం దాకా లేచిన గోడ.

మన దేశంలో ఇంతకాలం ఏం చేశాం? పేర్లు ఆపాం. 2020 సెప్టెంబర్ 2న పబ్జీతో కలిపి 118 యాప్‌లను నిలిపేశారు. ఆ వారం నా షాపుకొచ్చిన తల్లిదండ్రుల్లో చాలామంది, మా పిల్లల బాధ చూసి ప్రభుత్వం ఆపిందని సంతోషపడ్డారు. ప్రభుత్వం చెప్పిన కారణం వేరు. దేశ సార్వభౌమత్వం, భద్రత, మన డేటా. సరిహద్దులో చైనాతో ఘర్షణ జరిగిన రోజులవి. ఆ కారణం తప్పని నేను అనడం లేదు. కానీ పిల్లాడి నిద్రకూ దానికీ సంబంధం లేదు. అందుకే 2021 జులైలో అదే ఆట బీజీఎంఐ అనే పేరుతో తిరిగొచ్చింది. 2022 జులై చివర్లో స్టోర్లలోంచి మాయమైంది. 2023 మే నెలలో మళ్ళీ వచ్చింది. ఈసారి మూడు నెలల ట్రయల్, పిల్లలకు రోజుకు మూడు గంటలు, పెద్దవాళ్ళకు ఆరు గంటలు అన్నారు. ఈ వెళ్ళడాలూ రావడాలూ జరిగినప్పుడల్లా కుర్రాళ్ళు నా దగ్గరికొచ్చి, "ఎందుకు ఆపారంకుల్, మళ్ళీ ఎప్పుడొస్తుంది?" అని అడిగేవాళ్ళు. నా దగ్గర జవాబు లేదు. యాప్‌లను, సైట్లను ఆపే అధికారం కేంద్రానికి ఇచ్చే ఐటీ చట్టం 69ఎ సెక్షన్ కింద ఆపితే ఆ ఫైలు రహస్యం. 2009 నాటి రూల్సులోనే అలా రాసి ఉంది.

ఇది నాకు మింగుడు పడదు. కశ్మీర్‌లో నెట్ ఆపడం మీద జర్నలిస్టు అనురాధా భసీన్ వేసిన కేసులో 2020 జనవరిలో సుప్రీంకోర్టు, ఇంటర్నెట్ నిలిపేసే ఉత్తర్వుల్ని ప్రజలకు కనిపించేలా ప్రచురించాలని చెప్పింది. ఊరంతటికీ నెట్ ఆపడానికి కారణం చూపించగలిగినప్పుడు ఒక యాప్‌ని ఆపడానికి కారణం ఎందుకు చూపించకూడదు? నా చెక్క ఎంత ఎత్తుకు కోయాలో అందరికీ కనిపించేలా గెజిట్లో ఉంది. నేను చదివాను, తిట్టుకున్నాను, కోశాను. కారణం తెలియని రూలును కుర్రాళ్ళు రూలుగా చూడరు, వాతావరణంలా చూస్తారు. వాన తగ్గేదాకా గొడుగు వేసుకున్నట్టు, ఆపినవాటికి దొడ్డిదారి చూపే వీపీఎన్ యాప్ వేసుకుంటారు.

ఇక డబ్బు పెట్టి ఆడేవి. తెలంగాణ 2017లో, మన రాష్ట్రం 2020లో ఆన్‌లైన్ రమ్మీని, పందేలను నిషేధించాయి. ఆడేవాళ్ళు లొకేషన్ మార్చే యాప్ వేసుకుని వేరే రాష్ట్రంలో ఉన్నట్టు చూపించి ఆడారు. అలాంటి ఫోన్లు నా చేతుల మీదుగానే వెళ్ళాయి. రమ్మీ నైపుణ్యం ఉన్న ఆటే, జూదం కాదని కంపెనీలు దశాబ్దాలుగా చూపించే తీర్పు కూడా మన తెలుగు నేల మీద పుట్టిందే. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పోలీసులు పెట్టిన కేసులో 1967లో సుప్రీంకోర్టు ఇచ్చింది. నలుగురు ఎదురెదురుగా కూర్చుని ముక్కలు పేర్చుకునే ఆట గురించి చెప్పిన ఆ మాటను, అర్ధరాత్రి రెండింటికి ముఖం తెలియని వాళ్ళతో, ఆపమని చెప్పే మనిషి పక్కన లేకుండా ఆడే ఆటకు అతికించారు.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటలన్నిటినీ నిషేధించింది. నడిపేవాళ్ళకు మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు ఇచ్చేవాళ్ళకు రెండేళ్ళు, 50 లక్షలు. ఆడినవాళ్ళకు శిక్ష లేదు. నెల తిరక్కముందే ఇండియా క్రికెట్ జట్టు చొక్కా మీంచి డబ్బు పెట్టి ఆడించే డ్రీమ్11 యాప్ పేరు పోయింది. పూర్తిగా నిషేధించాలా, అదుపులో పెట్టాలా అనే వాదన కోర్టుల్లో నడుస్తోంది, నడవనివ్వండి. శిక్ష షాపు వాడి మీద పెట్టి, మోసపోయినవాడిని వదిలేయడం మాత్రం సరైన పని. అప్పుల్లో మునిగిన మనిషి పోలీసులకు భయపడి ఇంట్లో కూడా చెప్పుకోలేని పరిస్థితి దీనితో కొంత తగ్గుతుంది.

కానీ మిర్చి యార్డు తల్లి కష్టానికి ఈ చట్టంలో మందు లేదు. ఆమె కొడుకు డబ్బు గెలవాలని ఆడలేదు. డబ్బు పెట్టి రంగు చొక్కా కోసం ఆడాడు. బెల్జియం 2018లోనే ఈ లక్కు డబ్బాల్ని జూదంగా చూసింది, అక్కడ కొన్ని పెద్ద కంపెనీలు వాటిని అమ్మడం మానేశాయి. మన దగ్గర కూడా కొలతలు కావాలి. ధర డైమండ్లలో చెబితే పక్కనే రూపాయల్లో ఉండాలి. డబ్బాలో ఏది ఎంత శాతం వస్తుందో డబ్బా మీదే ఉండాలి. మైనర్ అకౌంటుకు నెలకు ఇంతకు మించి ఖర్చు కాకూడదని ఉండాలి. ఆ బిల్లు తల్లికి తెలుగులో రావాలి. ఇవన్నీ టేపు పెట్టి కొలవగలిగినవే.

గంటల లెక్క ప్రభుత్వం పెట్టడం నాకు నచ్చదు. చైనా 2021లో పిల్లలకు శుక్ర, శని, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకా మాత్రమే అంది. ఎవరి ఇంట్లో ఏ వేళకు ఏం చేయాలో ఢిల్లీ చెప్పనక్కర్లేదు. వచ్చే చిక్కు ఇంకోటి ఉంది. గంటలు లెక్కపెట్టాలంటే వయసు తెలియాలి, వయసు తెలియాలంటే రిజిస్టరు కావాలి.

రిజిస్టరు గురించి నాకు తెలిసినంత ఇక్కడ ఎవరికీ తెలియదేమో. ఆ పుస్తకం నా కౌంటర్ మీద ఆరేళ్ళు తెరిచి ఉంది. ఒకరోజు ఒక కుర్రాడు తన పేరు రాసుకుంటూ పై వరసలో ఉన్న ఆడపిల్ల ఫోన్ నంబరు అరచేతిలో ఎక్కించుకున్నాడు. నేను చూడలేదు. మూడు రోజుల తర్వాత ఆ పిల్ల వాళ్ళ నాన్నతో వచ్చింది. రోజూ రాత్రి ఫోన్లు వస్తున్నాయట. నంబరు ఇక్కడ తప్ప ఎక్కడా రాయలేదంది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. రిజిస్టరు వైపు చూసి, కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయాడు. ఆమె మళ్ళీ నా షాపుకు రాలేదు. ఆ రోజు నుంచి పై వరసల మీద అట్టముక్క పెట్టి రాయించాను. నియమంలో పుస్తకం పెట్టమని ఉంది, అట్టముక్క పెట్టమని లేదు.

2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం, పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి నిజమైనదేనని రుజువు చేసుకోవాలంటుంది. పిల్లల వెంటపడి వాళ్ళ అలవాట్లు గమనించి ప్రకటనలు వేయకూడదంటుంది. తప్పితే 200 కోట్ల దాకా జరిమానా. ఆ రెండో మాట బంగారం. మొదటి మాట దగ్గరే నాకు భయం. పిల్లాడి వయసు రుజువు చేయడానికి ఇంటిల్లిపాదీ ఆధార్ కార్డులు ప్రతి గేము కంపెనీకీ ఇవ్వాల్సి వస్తే, అది నా కౌంటర్ మీది పుస్తకమే, కాకపోతే కోట్ల పేజీలది. పద్దెనిమిది దాటాడా లేదా అన్న ఒక్క జవాబు చాలు. పేరు, నంబరు, అడ్రసు ఆ కంపెనీకి వెళ్ళకూడదు. అలా చేసే పద్ధతులు ఉన్నాయి. ఆస్ట్రేలియా 2025 డిసెంబర్ నుంచి పదహారేళ్ళ లోపు వాళ్ళకు సోషల్ మీడియా అకౌంట్లు ఆపించింది. శిక్ష కంపెనీకే, పిల్లలకూ తల్లిదండ్రులకూ లేదు. అయినా అక్కడ కూడా ఈ వయసు రుజువు దగ్గరే పెద్ద చర్చ నడిచింది.

మన ఎమ్మెల్యేలు, ఎంపీలు ఓట్లకొచ్చినప్పుడు రోడ్లు అడుగుతాం, నీళ్ళు అడుగుతాం. ఈ అట్టముక్క కూడా అడగండి. పబ్జీ ఆపుతారా అని అడగకండి, డబ్బా మీద శాతం రాయిస్తారా అని అడగండి.

నాకు ఇచ్చిన టైము అయిపోయింది. ఒక్క మాట చెప్పి దిగుతాను. ఆ రోజు కోసిన ప్లైవుడ్ ముక్కలతోనే ఇప్పటి నా రిపేర్ బల్ల చేయించుకున్నాను. ఇక మీదట ప్రతి ఆదివారం పొద్దున పదింటి నుంచి పన్నెండు దాకా ఆ బల్ల దగ్గర రిపేర్లు చేయను. మీ ఫోన్ తీసుకురండి, పిల్లల్ని కూడా వెంట తీసుకురండి. డబ్బులు ఎక్కడికి వెళుతున్నాయో ముగ్గురం కలిసి చూద్దాం. పిన్ ఎలా మార్చుకోవాలో అమ్మలకు నేను నేర్పుతాను. డబ్బులేమీ అక్కర్లేదు. మిర్చి యార్డు చెల్లెమ్మ వచ్చే ఆదివారమే వస్తానంది, ఆ పిల్లాడూ వస్తాడట.