డాక్టరు గారు, డాక్టరమ్మ, కో బ్రదర్

నమస్కారమండీ. ఇంగ్లీషులో 'బ్రదర్ ఇన్ లా' అన్న ఒక్క మాటతో సరిపెట్టేసే చోట మనకి బావ, బావమరిది, మరిది ఉన్నారు. తోడల్లుడు ఆ మాటలో సరిగ్గా ఇమడడు. అందుకే మనవాళ్లు అతనికి కో బ్రదర్ అనీ, తోడికోడలికి కో సిస్టర్ అనీ పేర్లు పెట్టుకున్నారు. దీన్ని తప్పుడు ఇంగ్లీషని కొట్టిపారేస్తే నేను ఒప్పుకోను. పెదనాన్న కొడుకుని 'కజిన్ బ్రదర్' అంటాం. మేనత్త కొడుకు దగ్గరికొచ్చేసరికి ఆ బ్రదర్ నోటికి రాదు, మేనరికం వరస కదా. ఏ వరసకి పెళ్లి కుదురుతుందన్న లెక్క మన ఇంగ్లీషులోకీ వచ్చేసింది.

ఆడవాళ్ల మీద మన లెక్కలూ అలాగే వచ్చాయి. పెళ్లి ప్రకటనలో అమ్మాయి 'హోమ్లీ'గా ఉండాలి, అబ్బాయి 'వెల్ సెటిల్డ్' అవ్వాలి. అమెరికాలో హోమ్లీ అంటే అందం లేని మనిషి. ఇంటిపట్టున ఉండే పిల్ల అన్న అర్థం మనం ఇచ్చుకున్నదే. 'ఈవ్ టీజింగ్' మరీ చెడ్డ మాట. వేధింపుని ఆటపట్టించడం కింద జమకట్టేసింది. పైగా అందులో ఆడదాని పేరుంది, చేసినవాడు లేడు. మన ఊళ్లలోనే వినండి: మగాయన డాక్టరు గారు, ఆవిడ డాక్టరమ్మ గారు. ఉత్త 'డాక్టరు' అంటే మగవాడేనని ముందే అనేసుకున్నాం.

ఇక హోదా సంగతి. 1962లో న్యూయార్క్‌లో విలియం లబోవ్ అనే భాషాశాస్త్రవేత్త మూడు దుకాణాలకి వెళ్లాడు: ఖరీదైన సాక్స్, మధ్యరకం మేసీస్, చవక క్లైన్. నాలుగో అంతస్తులో దొరికే సరుకు ఎక్కడుందని అడిగి 'ఫోర్త్ ఫ్లోర్' అనిపించాడు. వినపడనట్టు మళ్లీ అడిగాడు. పక్కకెళ్లి రాసుకున్నాడు. 264 మందిని అలా విన్నాడు. ఆ మాటల్లో 'ర' పలకడం అక్కడ హోదాకి గుర్తు. ఆ 'ర'ని కొంతైనా పలికినవాళ్లు సాక్స్‌లో 62 శాతం, మేసీస్‌లో 51, క్లైన్‌లో 20 దరిదాపు.

రాజమండ్రి తాడితోట బట్టల కొట్లలో మీరూ చెయ్యొచ్చు. మనం 'ర' ఎలాగూ పలుకుతాం కాబట్టి పిలుపు పట్టుకోండి: మేడమ్, అమ్మా, ఏమ్మా. ఏసీ షోరూము, మామూలు కొట్టు, రోడ్డు పక్క బండి, మూడుచోట్లా ఒకే అమ్మాయి, ఒకే చీర, ఒకే ప్రశ్న. మర్నాడు చీర ఒక్కటే మార్చండి. రెండూ ఒకేసారి మారిస్తే పిలుపు కొట్టుని బట్టి మారిందో చీరని బట్టి మారిందో తేలదు. ఎదురుగా రాసుకోకండి, మనిషి సర్దుకుని మాట్లాడేస్తాడు.

'మీరెలా పిలుస్తారు?' అని మాత్రం అడక్కండి. ఇంగ్లండులోని నార్విచ్‌లో పీటర్ ట్రడ్గిల్ అనే భాషాశాస్త్రవేత్త మీరెలా పలుకుతారని అడిగి, జనం చెప్పింది తాను విన్నదానితో పోల్చాడు. చాలామంది మగవాళ్లు తాము నిజంగా మాట్లాడేదానికన్నా మోటుగా మాట్లాడతామని చెప్పుకున్నారు. ఆడవాళ్లలో ఎక్కువగా తేలింది దానికి ఎదురు, ఉన్నదానికన్నా శుద్ధంగా పలుకుతామన్నారు. మోటు పలుకు అక్కడ మగతనం కింద చెల్లుతోంది. మన కోనసీమ కుర్రాళ్ల ఇంగ్లీషులో అలా చెల్లే పలుకేదో వినాలంటే, వాళ్ల మధ్య కూర్చుని వినాలి తప్ప కాగితమిచ్చి టిక్కు పెట్టమనకూడదండీ.