మీ థైరాయిడ్ రిపోర్టు అబద్ధం చెబుతోంది, కారణం మీ జుట్టు మాత్ర!

సోది లేకుండా పాయింటుకొచ్చేస్తున్నా. జుట్టు రాలుతోందని రోజూ వేసుకుంటున్నారే బయోటిన్ అనే విటమిన్ మాత్ర, అది మీ థైరాయిడ్ రిపోర్టుని తలకిందులు చేసేయగలదు. ఒంట్లో హార్మోను తక్కువే ఉంటుంది. కాగితం మీద మాత్రం ఎక్కువైపోయిందని వస్తుంది. ఆ కాగితం చూసి డాక్టరు గారు థైరాయిడ్ మాత్ర డోసు తగ్గిస్తారు. ఇంక మీ పని గోవిందా.

పోయిన వీడియో కింద ఎంత రచ్చ జరిగిందో మీకు తెలుసు. ధనియాల నీళ్లు తాగి థైరాయిడ్ మాత్ర మానేయండన్న రీల్‌ని నేను ఉతికి ఆరేశాను. కామెంట్లలో నన్ను ఉతికి ఆరేశారు! "మాత్ర వేసుకుంటున్నా నీరసం పోదు, డోసు పెంచుతారు, తగ్గిస్తారు, మళ్లీ పెంచుతారు. మేం ధనియాలు తాగితే నీకేంటి నొప్పి?" అని. అక్కలూ, మీ కోపంలో న్యాయం ఉంది. ధనియాల్లో మాత్రం మందు లేదు. గ్రంథి హార్మోను చెయ్యడం తగ్గించేసినప్పుడు ఆ హార్మోన్ని బయట నుంచి ఇవ్వాలి. థైరోనార్మ్ అనండి, ఎల్ట్రాక్సిన్ అనండి, లోపల ఉండేది ఒకటే, లీవోథైరాక్సిన్. ఆ టాపిక్ అక్కడితో క్లోజ్.

కానీ ఆ పెంచుడు తగ్గించుడు ఉంది చూశారూ, దాని మీద నాకు ఒళ్లు మండిపోతోంది. నా థియరీ చెప్తా వినండి. మన వైజాగ్‌లో డోసు ఇలా ఉయ్యాల ఊగడానికి చాలాసార్లు మెడలో గ్రంథి కారణం కాదు. ల్యాబ్ కౌంటర్ దగ్గర ఎవరూ అడగని ఒక్క ప్రశ్న కారణం. "అమ్మా, జుట్టుకి ఏమైనా వాడుతున్నారా?" ఇంతే ప్రశ్న!

మహారాణిపేట వెళ్లండి, రామ్‌నగర్ వెళ్లండి, గాజువాక వెళ్లండి. రక్తం తీసే కుర్రాడు అడిగేది ఒక్కటే, "పరగడుపేనా అండీ?" అని. అసలు టీఎస్‌హెచ్‌కి పరగడుపు తప్పనిసరి కూడా కాదు. టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్ గ్రంథిని పని చెయ్యమని తల నుంచి వచ్చే సిగ్నల్, ఒంట్లో థైరాయిడ్ హార్మోను తక్కువైతే ఇది పెరుగుతుంది, ఎక్కువైతే తగ్గుతుంది. అక్కర్లేని ప్రశ్న అడుగుతారు, అడగాల్సింది వదిలేస్తారు.

ఎలా జరుగుతుందో చెప్తా. చాలా ల్యాబ్ కిట్లలో స్ట్రెప్టావిడిన్ అని ఒక పదార్థం ఉంటుంది. దానికి బయోటిన్ అంటే ప్రాణం, అతుక్కుంటే వదలదు. ఆ పట్టునే వాడుకుని మెషీన్ హార్మోన్ని లెక్కపెడుతుంది. ఇప్పుడు మీ రక్తంలోనే బోలెడు బయోటిన్ ఉందనుకోండి. కాంప్లెక్స్‌లో ఆర్టీసీ బస్సు రాగానే కిటికీలోంచి తువ్వాళ్లు విసిరి సీట్లు ఆపుకుంటారే, అదే సీను. సీట్లన్నీ తువ్వాళ్లే, అంటే మీ మాత్రలోని బయోటినే. అసలు ప్రయాణికులు, అంటే లెక్కపెట్టాల్సిన హార్మోను, దిగిపోతారు, కండక్టరు సీట్లలో ఉన్నవాళ్లని మాత్రమే లెక్కపెట్టి "జనం లేరు" అని రాసుకుంటాడు. టీఎస్‌హెచ్ అలా తక్కువ వస్తుంది. టీ4 అంటే గ్రంథి చేసే అసలు హార్మోను, దాని టెస్టు పనిచేసే పద్ధతి వేరు, అక్కడ లెక్క తిరగబడి ఎక్కువ చూపిస్తుంది. టీఎస్‌హెచ్ తక్కువ, టీ4 ఎక్కువ. ఈ రెండూ పక్కపక్కన చూస్తే ఏ డాక్టరైనా "హార్మోను ఎక్కువైంది" అనే అంటారు. ఆయన తప్పేం లేదు, కాగితమే అలా ఉంది!

మనిషికి బయోటిన్ రోజుకి 30 మైక్రోగ్రాములు ఉంటే సరిపోతుంది. గుడ్డులో, పల్లీల్లో దొరికేస్తుంది. జుట్టు మాత్ర స్ట్రిప్ తిప్పి చూడండి, 10 మిల్లీగ్రాములని ఉంటుంది. అంటే 10,000 మైక్రోగ్రాములు. మూడొందల రెట్లు పైనే! పైగా దానికి చీటీ అక్కర్లేదు. మందుల షాపువాడు ఇస్తాడు, బ్యూటీ పార్లర్లో ఇస్తారు, గమ్మీలని పిల్లల చాక్లెట్లలాగా ఆన్‌లైన్లో అమ్ముతారు.

ఇది నా కపోల కల్పన కాదు. అమెరికాలో మందుల్ని చూసే ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది, 2019లో మళ్లీ హెచ్చరించింది. థైరాయిడ్ ఒక్కటే కాదు, గుండెపోటు కనిపెట్టే ట్రోపోనిన్ టెస్టుని కూడా ఈ బయోటిన్ తప్పుగా తక్కువ చూపించగలదు. అలా తప్పు రిపోర్టు వచ్చి ఒక మనిషి చనిపోయినట్టు వాళ్లకి సమాచారం అందింది. జుట్టు కోసం వేసుకున్న మాత్ర!

మా పిన్ని సంగతి చెప్పాలి. గాజువాకలో ఉంటుంది. థైరాయిడ్ మాత్ర 100 మైక్రోగ్రాముల డోసు మీద బానే ఉండేది. జుట్టు రాలుతోందని పక్కింటావిడ చెబితే బయోటిన్ మొదలెట్టింది. తర్వాత టెస్టులో టీఎస్‌హెచ్ 0.08 వచ్చింది, పక్కన నక్షత్రం గుర్తు. డాక్టరు గారు మెడ ముట్టుకోలేదు, నాడి చూడలేదు. "డోసు ఎక్కువైందమ్మా, సగం చేద్దాం" అన్నారు. చేసేశారు. మే నెల వచ్చింది. వైజాగ్ మే నెలంటే తెలుసుగా, ఉక్కపోతకి గోడలు కూడా చెమటలు కక్కుతాయి. మా పిన్ని దుప్పటి కప్పుకుని కూర్చుని "ఒరే, ఆ ఫేను కట్టీరా బాబూ, ఒళ్లు జివ్వుమంతంది" అంటోంది. మొహం ఉబ్బిపోయింది, గొంతు బొంగురుపోయింది, మలబద్ధకం, టీవీ ముందు కూర్చునే నిద్రపోతోంది. మళ్లీ టెస్టు చేయిస్తే మళ్లీ తక్కువే! "ఇంకా తగ్గిద్దాం" అన్నారు. అప్పుడు నాకు తిక్కరేగింది. ఫ్రిజ్ మీద మాత్రల డబ్బా మొత్తం కింద కుమ్మరిస్తే ఈ జుట్టు మాత్ర దొరికింది. అది ఆపించి, కొన్నాళ్లాగి ఇంకో చోట టెస్టు చేయిస్తే టీఎస్‌హెచ్ 30 దాటింది. అంటే హార్మోను బాగా తక్కువని. అది అసలు రంగు!

అన్నట్టు, ఫ్రిజ్ మీద పెట్టకండి. లీవోథైరాక్సిన్‌కి వేడి పడదు, తేమ పడదు, వెలుతురు పడదు. మన ఊళ్లో ఈ మూడూ ఫ్రీ. డబ్బా మూత గట్టిగా పెట్టి, చల్లగా ఉండే అల్మరాలో పెట్టుకోండి.

ఇప్పుడు ల్యాబులవాళ్లు వస్తారు కామెంట్లలోకి. "అన్ని మెషీన్లకీ ఈ సమస్య లేదు, కొన్ని కంపెనీలు కిట్లు మార్చేశాయి." కరెక్టే, ఒప్పుకుంటా. మరి మీ ల్యాబులో ఏ మెషీన్ ఉందో రిపోర్టు కింద తెలుగులో రాసి ఇవ్వొచ్చుగా? రాయరు. పేషెంటుకి ఎందుకులే అనుకుంటారు.

చాలామంది అడిగారు, సముద్రం పక్కనుంటాం, హార్బర్ నుంచి చేపలు తెచ్చుకు తింటాం, అయోడిన్‌కి లోటేంటి, మనకి థైరాయిడ్ ఎందుకని. లోటు లేదు కాబట్టే అడుగుతున్నారు, బాగుంది. 2006 నుంచి తినే ఉప్పులో అయోడిన్ లేకుండా అమ్మకూడదు. అయోడిన్ సరిపడా ఉన్న చోట ఎక్కువగా వచ్చేది హషిమోటో జబ్బు. మన రోగనిరోధక శక్తే మన గ్రంథి మీద పడిపోతుంది. 1912లో హషిమోటో అనే జపాన్ డాక్టరు దీని గురించి రాశారు. చేపలు ఎంత తిన్నా అది ఆగదు. పులుసు మాత్రం మానకండి.

సరే, ఏం చెయ్యాలి? బయోటిన్ వాడుతుంటే టెస్టుకి కనీసం రెండు రోజుల ముందు ఆపండి, అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ చెప్పేది అదే. డోసు బాగా పెద్దదైతే ఇంకా ముందే ఆపాల్సి రావచ్చు, ఎన్నాళ్లో డాక్టరు గారినే అడగండి. మల్టీవిటమిన్ స్ట్రిప్ కూడా చదవండి, అందులోనూ దూరి ఉంటుంది. మీరు ఆపేది జుట్టు మాత్ర. థైరాయిడ్ మాత్ర సొంతంగా ఆపారో, నాకు చెప్పకండి! కడుపుతో ఉన్నవాళ్లకి డోసు చాలాసార్లు పెంచాల్సి వస్తుంది, వాళ్లు అస్సలు ప్రయోగాలు చేయకూడదు.

డాక్టరు గారి దగ్గర ఈ ముక్క అనండి, "సార్, రిపోర్టు హార్మోను ఎక్కువంటోంది, నాకు చలేస్తోంది, మలబద్ధకం, నిద్ర ముంచుకొస్తోంది. రెండూ కలవట్లేదు. బయోటిన్ ఆపి ఇంకోసారి చూద్దామా?" మంచి డాక్టరైతే కుర్చీ ముందుకి జరుపుకుంటారు. నిజంగా డోసు ఎక్కువైతే గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం, బరువు తగ్గడం ఉంటాయి. అవి ఉంటే మాత్రం బయోటిన్ మీదకి నెట్టేసి ఊరుకోకండి, అది కూడా గుండెకీ ఎముకలకీ చేటే.

ఇంకో మాట, డోసు మార్చిన పదో రోజుకే టెస్టుకి పరిగెత్తేవాళ్లకి. ఆ మందు ఒంట్లో సగం అవ్వడానికే దాదాపు వారం పడుతుంది. టీఎస్‌హెచ్ కుదురుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. అంతవరకూ ల్యాబువాడికి డబ్బులు, మీకు టెన్షను, అంతే. పొద్దున్న మాత్ర నీళ్లతో వేసుకోండి, టీ కనీసం అరగంట, కుదిరితే గంట తర్వాత. కాల్షియం, ఐరన్ మాత్రలకి నాలుగు గంటల ఎడం.

అసలు మజా ఏంటంటే, థైరాయిడ్ తక్కువైనా జుట్టు రాలుతుంది. డోసు సరిగ్గా కుదిరితే కొన్ని నెలల్లో చాలావరకు తిరిగొస్తుంది. అంటే రాలే జుట్టుకి మీరు వేసుకున్న మాత్రే మీ డోసు తగ్గించి ఇంకా రాలేలా చేస్తోంది! దీనికి మీరు నెలనెలా డబ్బులు కడుతున్నారు!

ఇప్పుడే వీడియో పాజ్ చేసి లేవండి. మీ జుట్టు మాత్ర స్ట్రిప్ తిప్పండి. బయోటిన్ ఎంతుందో కామెంట్లో పెట్టండి, పక్కనే మీ డాక్టరు గారు దాని గురించి అడిగారో లేదో కూడా రాయండి. ధనియాల బ్యాచ్, మీరు కూడా పెట్టండి, ఈసారి తిట్టను.