కుండీలో ఇనుముంది, గంధరాజానికి అందడం లేదు

అందరికీ నమస్కారం. మీలో చాలామంది కవర్లలో ఆకులు పెట్టుకొచ్చారు, లోపలికి వస్తూ చూశాను. గంధరాజం, నూరువరహాలు, ఒకరిద్దరివి మందారం. అన్నిటిదీ ఒకటే వరస. కొసన వచ్చిన లేత ఆకు పాలిపోయి పసుపెక్కింది, ఈనెలు మాత్రం పచ్చగా వల గీసినట్టు ఉన్నాయి, కింది ముదురాకులు బాగానే ఉన్నాయి.

ఇది ఇనుము అందకపోవడం. ఇనుము ముదురాకులోంచి లేతాకుకు కదిలి వెళ్ళదు, అందుకే దెబ్బ ముందు చిగురు మీద పడుతుంది. అదే కింది ఆకులు మొత్తంగా పసుపెక్కి రాలుతుంటే అది వేరే కథ, నత్రజని తక్కువైనా కావచ్చు, నీళ్ళు నిలిచి వేరు కుళ్ళుతున్నా కావచ్చు, ముందు కుండీ అడుగు రంధ్రం చూడండి.

నా మొదటి గంధరాజం ఏడాది తిరక్కుండానే పోయింది. ఆకు పాలిపోతుంటే తిండి చాలట్లేదనుకుని వర్మీకంపోస్టు వేశాను, పూలకు మంచిదన్నారని ఎముకల పొడి వేశాను, కోడిగుడ్డు పెంకులు నూరి వేశాను, కట్టెల బూడిద కూడా. ఎంత వేస్తే అంత పాలిపోయింది. పెంకులంటే సున్నమే, బూడిదది క్షార గుణం, ఎముకల పొడిలోని భాస్వరం ఎక్కువైతే ఇనుమును పట్టేసుకుంటుంది. అంటే నేను ప్రేమగా పెట్టినవన్నీ ఉన్న ఇనుమును ఇంకాస్త దూరం చేసినవే. ఆ మొక్క పోయినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది, అందుకే ఈ మాట ఎక్కడ అవకాశం దొరికినా చెబుతున్నాను.

మన ఎర్రమట్టికి ఆ ఎరుపు వచ్చిందే ఇనుము వల్ల. కుండీ నిండా ఇనుమే ఉంది, కానీ మట్టి పులుపును కొలిచే ఉదజని సూచిక ఉంది, అదేనండీ పీహెచ్, అంకె పెరిగేకొద్దీ పులుపు తగ్గినట్టు. అది 7 దాటిందంటే ఇనుము కరగని తుప్పుగా ఉండిపోతుంది. వండి వడ్డించి నోరు కట్టేసినట్టు. గంధరాజం, అజేలియా, కెమేలియాలకు 5 నుంచి 6 మధ్య ఉంటే హాయి, ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్న బ్లూబెర్రీకైతే 4.5 నుంచి 5.5 కావాలి. ఒక అంకె తేడా అంటే పది రెట్లు. 6 నుంచి 8కి వెళ్ళిందంటే ఆమ్లత్వం వంద రెట్లు తగ్గినట్టు.

మరి నర్సరీలో పచ్చగా ఉన్న మొక్క మన ఇంటికొచ్చి ఎందుకిలా అవుతుంది? మీ బాత్రూం బకెట్ చూడండి, తెల్లటి చారలుంటాయి. గీజర్ కాయిల్ మీద పేరుకునేదీ అదే. హైదరాబాద్‌లో చాలా బోర్ల నీళ్ళు ఇలా ఉప్పదేరినవే, వాటిలోని బైకార్బొనేట్లు రోజూ చెంబుడు చెంబుడుగా కుండీలోకి సున్నం పోస్తున్నట్టే. కాబట్టి ఎరువు కన్నా ముందు నీళ్ళ సంగతి చూడాలి, నా మాటల్లో ఇదొక్కటి గుర్తున్నా చాలు. వాన నీళ్ళు పట్టి డ్రమ్ములో దాచుకోండి, వాటిని మించింది లేదు. ఏసీ నుంచి కారే నీళ్ళు కూడా సున్నం లేనివే. ఆర్వో మిషన్ వదిలేసే వేస్టు నీళ్ళు మాత్రం వీటికి వద్దు, అందులో ఉప్పులు ఇంకా చిక్కగా ఉంటాయి. బోరు నీళ్ళు తప్ప గతిలేకపోతే లీటరుకు పావు గ్రాము నిమ్మ ఉప్పుతో, అంటే సిట్రిక్ యాసిడ్‌తో మొదలుపెట్టి, పీహెచ్ కాగితంతో చూసుకుంటూ 6 దగ్గరికి తెండి. అయితే దీని పని తాత్కాలికమే, కుండీలోని సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి.

ఇక తిండి. నత్రజని కోసం అమ్మోనియం సల్ఫేట్ వాడండి, అది తిండి పెడుతూనే మట్టిని పులుపు వైపు లాగుతుంది. లీటరుకు ఒక గ్రాము, మూడు వారాలకోసారి, అదీ చిగురు వేసే కాలంలోనే, ముందురోజు కుండీ తడిపి ఉంచి. కాల్షియం నైట్రేట్ వీటికి వద్దు.

ఇనుముకు మన రైతులు ఎప్పట్నుంచో వాడే అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్ ఉంది. వేరుశనగ పసుపెక్కితే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి కొడతారు. కుండీ మొక్కకు నేను 2 గ్రాములతోనే మొదలుపెడతాను, సాయంత్రం పూట, ముందు ఒక కొమ్మ మీద కొట్టి రెండు రోజులు చూసి. కలిపిన నీళ్ళు గోధుమరంగుకు తిరిగితే పారబోయండి, టైల్స్ మీద పడితే మరక పోదు. సున్నం ఉన్న మట్టిలో అన్నభేది పోస్తే చూస్తుండగానే తుప్పైపోతుంది. అలాంటి చోట చీలేటెడ్ ఇనుము, అంటే తుప్పు పట్టకుండా వేరే పదార్థం పట్టి ఉంచిన ఇనుము కొనాలి. డబ్బా మీద ఈడీటీఏ అని ఉంటే పీహెచ్ 6.5 దాటాక పెద్దగా పనిచేయదు, ఈడీడీహెచ్ఏ అని ఉన్నది 9 దాకా నిలబడుతుంది. ఖరీదు ఎక్కువే, కానీ అక్కడ పనికొచ్చేది అదే.

మట్టినే మార్చాలంటే గంధకం. బూడిద తెగులుకు నీళ్ళలో కలిపి కొట్టే గంధకం పొడే, పన్నెండంగుళాల కుండీకి చిన్న చెంచాడు పైమట్టిలో కలపండి. బాక్టీరియా దాన్ని ఆమ్లంగా మార్చడానికి రెండు మూడు నెలలు పడుతుంది, టెన్షన్ పడి మళ్ళీ మళ్ళీ వేయకండి. కాఫీ పిప్పి వేస్తే పులుపెక్కుతుందని అందరూ అంటారు గానీ, డికాక్షన్ దిగాక మిగిలిన పిప్పిలో ఆమ్లం చాలావరకు పోయి ఉంటుంది. కంపోస్టులో వేసుకోండి, మంచిదే.

ఒక హెచ్చరిక. ఇవన్నీ ఆకుకూరలకు, వంగ, టమాటాలకు చేయకండి, వాటికి 6 నుంచి 7 మధ్య ఉంటే చాలు.

పాలిపోయిన పాత ఆకు పూర్తిగా పచ్చబడకపోవచ్చు, దాన్ని చూసి మోతాదు పెంచకండి, కొత్తగా వచ్చే చిగురును చూడండి. మట్టి తెచ్చినవాళ్ళు ఇటు రండి, ఈ సీసాలో వెనిగర్ ఉంది. రెండు చుక్కలు వేస్తే బుసబుస నురగ వచ్చిందా, అందులో సున్నం ఉన్నట్టే, ఆ మట్టికి గంధకం చాలదు, కొబ్బరి పొట్టు, ఆకుల ఎరువు, ఎర్రమట్టి కలిపి కుండీ మార్చేయాలి. ఎవరిది ముందు?